శ్వాస కండరాల బలం కొలవడం: సీఓపీడీ రోగుల్లో ఎంఐపీ, ఎంఈపీ పరీక్ష తప్పుల్లేకుండా చేసే పద్ధతి

సీఓపీడీ అంటే గాలి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు. స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి చేసే ఊపిరి పరీక్ష) రిపోర్టు చూస్తే ఆ గొట్టాలు ఎంత ఇరుకైపోయాయో తెలుస్తుంది. ఆ గాలిని లోపలికి లాగే కండరాలకు ఎంత సత్తువ మిగిలిందో మాత్రం అందులో ఉండదు. ఎఫ్ఈవీ1 (గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి) ఓ మోస్తరుగానే ఉన్నా నాలుగు మెట్లెక్కితే ఎగపోస్తున్న మనిషి, నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగుతున్న మనిషి, బాగా బరువు తగ్గిపోయిన మనిషి, దగ్గినా కఫం బయటికి రాని మనిషి, పల్మనరీ రిహాబ్ (ఊపిరితిత్తుల రోగులకు వ్యాయామ శిక్షణ) మొదలుపెట్టబోతున్న మనిషి: వీళ్లందరికీ శ్వాస కండరాల బలం విడిగా కొలవాల్సిందే.

నోటి దగ్గర కొలిచేవి ముఖ్యంగా రెండు. గాలంతా వదిలేశాక, మూసేసిన గొట్టంలోంచి వీలైనంత బలంగా లోపలికి లాగితే పుట్టే ఒత్తిడి ఎంఐపీ. దీన్నే పీఐమ్యాక్స్ అని కూడా రాస్తారు. గుండెల నిండా గాలి పీల్చి, మూసేసిన గొట్టంలోకి బలంగా ఊదితే పుట్టేది ఎంఈపీ, అంటే పీఈమ్యాక్స్. రెంటినీ సెంటీమీటర్ల నీటి ఒత్తిడిలో చెబుతారు. కిలోపాస్కల్స్ చూపించే మీటరైతే 10.2తో గుణించండి. ముక్కుతో చేసే ఎస్‌ఎన్‌ఐపీ అనే మూడో పరీక్ష సంగతి తరవాత వస్తుంది.

పరీక్ష చూడటానికి రెండు నిమిషాల పనిలా ఉంటుంది. నిజానికి మనిషికి అరగంట పెట్టుకోవాలి. హడావిడిగా తీసిన ఎంఐపీ దాదాపు ఎప్పుడూ అసలు కన్నా తక్కువే వస్తుంది. ఆ తక్కువ అంకె చూసి లేని కండర బలహీనతను ఫైల్లోకి ఎక్కించేస్తాం.

సామాను

ప్రెషర్ మీటరు మైనస్ 200 నుంచి ప్లస్ 200 సెం.మీ. దాకా చదవగలగాలి. చేత్తో పట్టుకునే మైక్రోఆర్‌పీఎం లాంటి డిజిటల్ పరికరమైతే పని సులువు, ఒక సెకను పాటు నిలబడిన ఒత్తిడిని అదే లెక్కగట్టి చూపిస్తుంది. గడియారంలా ముల్లు తిరిగే అనెరాయిడ్ గేజీతోనూ చెయ్యొచ్చు. కాకపోతే ముల్లు ఒక్కసారి ఎగిరి తాకిన అంకెను రాయకూడదు, కనీసం ఒక సెకను నిలబడిన చోటు చూడాలి. అది కంటితో పట్టుకోవడం కష్టం కాబట్టి ఫోన్‌తో ముల్లును వీడియో తీసి, మెల్లగా నడిపించి చూడటం మంచిది.

మౌత్‌పీస్ పెదవులకూ చిగుళ్లకూ మధ్య ఇమిడే అంచు ఉన్న రబ్బరుదైతే మంచిది. గుండ్రటి గట్టి గొట్టాన్ని పెదవులకు బయట అదిమిపట్టే పద్ధతిలో, ముఖ్యంగా ఎంఈపీ, కాస్త ఎక్కువ వస్తుంది. ఏది వాడినా ఫరవాలేదు గానీ ఒకే రోగికి ఒకసారి ఇది, ఇంకోసారి అది వాడితే పోలిక చెడిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైంది చిన్న రంధ్రం. మౌత్‌పీస్‌కూ మీటరుకూ మధ్య లోపలి వ్యాసం 2 మి.మీ., పొడవు 20 నుంచి 30 మి.మీ. ఉండే సన్న గొట్టం బయటికి తెరిచి ఉండాలి. అది లేకపోతే రోగి గొంతు మూసేసి, బుగ్గలతో మాత్రమే చప్పరించి పెద్ద ఒత్తిడి పుట్టించగలడు. మీటరు అంకె చూపిస్తుంది కానీ అది ఛాతీ కండరాలది కాదు. రంధ్రం ఉంటే గొంతు మూసిన మరుక్షణం ఒత్తిడి జారిపోతుంది. కొనేటప్పుడు ఇది ఉందో లేదో చూసుకోండి. ఉంటే కఫం తుంపర్లతో పూడిపోయిందేమో ప్రతిరోజూ చూసుకోండి. పరీక్షించడం తేలిక: మీరే ఊపిరి బిగబట్టి బుగ్గలతో మాత్రం చప్పరించండి. ఒత్తిడి ఒక సెకను కూడా నిలబడకూడదు. నిలబడిందంటే రంధ్రం మూసుకుపోయినట్టే.

ప్రతి రోగికీ కొత్త బ్యాక్టీరియల్ ఫిల్టరు పెట్టాలి. ఇక్కడ గాలి పారేది దాదాపు లేదు కాబట్టి ఫిల్టరు వల్ల రీడింగ్ తగ్గదు. కఫంలో టీబీ ఉందేమో అన్న అనుమానం తీరకముందు పరీక్ష చెయ్యొద్దు.

మీటరు నిజం చెబుతోందా అన్నది నెలకోసారి చూడండి. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శకమైన గొట్టాన్ని యూ ఆకారంలో గోడకు బిగించి, రంగు నీళ్లు పోసి, ఒక కొసను T ఆకారపు ముక్కతో మీటరుకూ పెద్ద సిరంజికీ కలపండి. సన్న రంధ్రాన్ని ఈ కాసేపూ మూసెయ్యండి. సిరంజి నెడుతూ రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా సరిగ్గా 50 సెం.మీ. అయ్యేదాకా తెచ్చి ఆపితే మీటరు 50 చూపించాలి. తరవాత 100 దగ్గర కూడా చూడండి. సిరంజి వెనక్కి లాగి మైనస్ వైపు కూడా అలాగే. రెండు మూడు సెం.మీ. మించి తేడా ఉంటే మీటరును సర్వీసుకు పంపాలి. పాదరసం బీపీ మిషను ఇంకా ఉన్నచోట దానితోనూ పోల్చవచ్చు. 1 మి.మీ. పాదరసం అంటే 1.36 సెం.మీ. నీరు, కాబట్టి 60 దగ్గర మీటరు దాదాపు 82 చూపాలి.

ఎవరికి చేయకూడదు

ఈ పరీక్షలో ఛాతీ లోపలా, పొట్టలో, తలలో, కళ్లలో ఒత్తిడి ఒక్కసారిగా మారుతుంది. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లకూ, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం) ఉన్నవాళ్లకూ, దగ్గితే రక్తం పడుతూ కారణం తేలనివాళ్లకూ, అన్యూరిజం (రక్తనాళం ఉబ్బడం) ఉన్నవాళ్లకూ, బీపీ అదుపులో లేనివాళ్లకూ, ఈమధ్యే కంటికో పొట్టకో ఛాతీకో ఆపరేషన్ అయినవాళ్లకూ చెయ్యకండి. ఎక్స్‌రేలో పెద్ద గాలి బుడగలు కనిపించిన ఎంఫిసీమా (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినే జబ్బు) రోగి విషయంలో ముందు డాక్టరుతో మాట్లాడండి. హెర్నియా ఉన్నవాళ్లకు ఎంఈపీ వదిలేసి ఎంఐపీ ఒక్కటే చేసే వీలుందేమో అడగండి.

రోగిని సిద్ధం చేయడం

కడుపు నిండా తిన్న వెంటనే వద్దు. ఇన్‌హేలర్ ఎప్పుడు పీల్చారో రాసుకోండి. మందు పనిచేస్తే ఊపిరితిత్తుల్లో ఇరుక్కున్న గాలి తగ్గి ఎంఐపీ మారుతుంది, అందుకే మళ్లీ చేసినప్పుడు కూడా అదే తీరున చెయ్యాలి. స్పైరోమెట్రీ అయిన వెంటనే చేయకుండా ఓ పదిహేను నిమిషాలు కూర్చోబెట్టండి.

చేతులు లేని కుర్చీ కన్నా చేతులున్నది మేలు. వీపు నిటారుగా, పాదాలు నేలకు ఆని ఉండాలి. నడుం దగ్గర బెల్టు, చీర కుచ్చిళ్ల దగ్గర ముడి, లుంగీ ముడి బిగుతుగా ఉంటే వదులు చేయించండి. కట్టుడు పళ్లు గట్టిగా ఉంటే ఉంచండి, కదులుతుంటే తీయించండి. అసలు పళ్లు లేనివాళ్లకు పెదవుల పక్కనుంచి గాలి కారుతుంది. వాళ్ల పెదవుల మూలల్ని మీరో, వెంట వచ్చినవాళ్లో వేళ్లతో నొక్కిపట్టాలి.

ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లకు ప్రయత్నానికి ముందు ముక్కు గొట్టం తీసి, నోస్‌క్లిప్ పెట్టి, అయిన వెంటనే మళ్లీ తగిలించండి. వేలికి ఆక్సీమీటరు ఉంచి, రీడింగ్ మొదటి స్థాయికి వచ్చాకే ఇంకో ప్రయత్నం.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సిన మాట ఇది: "పెద్దమ్మా, మీరు లాగుతారు గానీ గాలి రాదు. రాకపోయినా భయపడొద్దు, రెండు సెకన్లే. వద్దనిపిస్తే నోట్లోంచి తీసెయ్యండి." దమ్ముతో బాధపడే మనిషికి గాలి ఆడని గొట్టం నోట్లో పెడితే ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. ఈ మాట ముందే చెప్పకపోతే మొదటి ప్రయత్నంలోనే బెదిరిపోయి ఆ తరవాత సగం బలమే పెడతారు. స్ట్రాతో కొబ్బరి నీళ్లు తాగినట్టు లాగమని మాత్రం చెప్పకండి. ఆ మాట వినగానే బుగ్గలు లోపలికి పోతాయి, ఛాతీ కదలదు. పొట్ట మీద ఒక చెయ్యి, పక్కటెముకల మీద ఒక చెయ్యి పెట్టి, ఇక్కడినుంచి లాగాలి అని తాకి చూపించండి. మీరు ఒకసారి చేసి చూపిస్తే ఇంకా మంచిది.

ఎంఐపీ తీసే విధం

నోస్‌క్లిప్ పెట్టండి. మౌత్‌పీస్ అంచు పెదవుల వెనక, చిగుళ్ల ముందు కూర్చోబెట్టండి. రెండు మూడు మామూలు ఊపిర్లు తీసుకోనివ్వండి. అప్పుడు గాలంతా వదిలించాలి. పరీక్ష బాగుపడేదీ చెడేదీ ఇక్కడే.

సీఓపీడీ రోగి గాలి వదలడానికి చాలాసేపు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మూడు నాలుగు సెకన్లలో ఖాళీ చేసేది వీళ్లు పది సెకన్లయినా చేస్తూనే ఉంటారు. మనకు ఓపిక చాలక మధ్యలో లాగండి అంటే ఊపిరితిత్తుల్లో గాలి మిగిలే ఉంటుంది, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే ప్రధాన శ్వాస కండరం) అప్పటికే కిందికి దిగి పొట్టిదై ఉంటుంది, ఒత్తిడి తక్కువ వస్తుంది. గట్టిగా ఊదెయ్యమన్నా తప్పే: బలంగా ఊదితే చిన్న గొట్టాలు ముడుచుకుపోయి గాలి ఇంకా లోపలే ఇరుక్కుంటుంది. మెల్లగా, తీరిగ్గా వదిలించాలి. పొట్ట లోపలికి పోయి, భుజాలు కాస్త ముందుకు వాలి, ఇక కదలిక ఆగిపోయిన క్షణాన్ని కనిపెట్టాలి.

మాట ఇలా నడవాలి: "మెల్లగా వదలండి. వదలండి, వదలండి, ఇంకా ఉంది, పొట్ట లోపలికి పోనివ్వండి, ఇంకొంచెం... లాగండి! గట్టిగా, గట్టిగా, లాగుతూనే ఉండండి... చాలు, వదిలెయ్యండి." 'లాగండి' అన్న మాట గదంతా వినపడాలి. మెల్లగా చెబితే మెల్లగానే లాగుతారు. చెవుడున్న పెద్దవాళ్లకైతే ఎదురుగా కూర్చుని చేత్తో సైగ కూడా చెయ్యండి.

ఒత్తిడి కనీసం 1.5 సెకన్లు నిలబడాలి. అందులో ఒక సెకను పాటు నిలిచిన అత్యధిక విలువే మనం రాసే అంకె. మొదట్లో ఒక్క క్షణం ఎగిరిన శిఖరం లెక్కలోకి రాదు.

లోపలికి గాలి రానివ్వకుండా బయటికి మాత్రం పోనిచ్చే వాల్వ్ ఉన్న పరికరంలో మౌత్‌పీస్ నోట్లోనే ఉంచి గాలి వదిలించవచ్చు. అలాంటి వాల్వ్ లేని గేజీలో రోగి బయట గాలి వదిలి, ఆ తరవాత గొట్టం నోట్లో పెట్టుకోవాలి. ఆ అర క్షణంలో ఆయాసపడే మనిషి తనకు తెలియకుండానే ఒక గుక్క పీల్చేస్తాడు. మీటరులో 10, 15 సెం.మీ. అక్కడే పోవచ్చు. ఇలాంటి పరికరమే ఉంటే పెదవి పక్కన కాస్త తెరిపి ఉంచి గాలి వదిలించి, "లాగండి" అన్నప్పుడే పెదవులు బిగించమనండి.

ఒక్కో ప్రయత్నం తరవాత కనీసం 30 సెకన్లు, ఆయాసం ఎక్కువగా ఉంటే ఓ నిమిషమో రెండు నిమిషాలో విరామం. మొదటి రెండు మూడు ప్రయత్నాలు నేర్చుకోవడానికే సరిపోతాయి. కనీసం ఐదు తీయండి, ఎనిమిది దాకా పోవడం మామూలే. మూడు మంచి రీడింగ్‌లు ఒకదానికొకటి 10 శాతం లోపు తేడాతో వస్తే ఆపొచ్చు. బాగా నీరసంగా ఉన్నవాళ్లలో 20 శాతం దాకా ఒప్పుకోక తప్పదు, ఆ సంగతి రిపోర్టులో రాయండి. రాసేది ఉన్నవాటిలో పెద్దది, సగటు కాదు.

ఉదాహరణకు వరుసగా 52, 58, 61, 66, 64, 65 వచ్చాయనుకోండి. మొదటి మూడూ పెరుగుతున్న వరుస, అంటే ఇంకా నేర్చుకుంటున్నారు. 61 దగ్గర ఆపితే తప్పు. చివరి మూడూ 66, 64, 65. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 2, అంటే 3 శాతం. ఎంఐపీ 66 అని రాసి ఆపొచ్చు. ఒకవేళ చివరిదే అన్నిటికన్నా పెద్దదైతే ఇంకోటి తీయాలి.

అంకె వింతగా వచ్చినప్పుడు

ముల్లు ఒక్కసారి ఎగిరి వెంటనే పడిపోతే బుగ్గలు, లేదా గొంతు మూసుకోవడం. మెల్లగా పెరిగి గరిష్ఠానికి చేరకుండానే ఆగిపోతే భయమో, అర్థం కాకపోవడమో. మళ్లీ చూపించండి. ప్రతిసారీ ఒకే చిన్న అంకె వస్తుంటే అది నిజమైన బలహీనత కావొచ్చు, పెదవుల దగ్గర లీకూ కావొచ్చు. బుస్సుమన్న చప్పుడు వినండి. ఒక్కో ప్రయత్నానికీ అంకె తగ్గుతూ పోతుంటే అలసట, విరామం పెంచండి. ఒకసారి 40, ఒకసారి 70, మళ్లీ 45 అయితే పూర్తి బలం పెట్టడం లేదనే అర్థం. అలాంటప్పుడు బలహీనత ఉందని రిపోర్టు రాయొద్దు, పరీక్ష కుదరలేదని రాయండి.

ఎంఈపీ

ఇది కాస్త తొందరగా అయిపోతుంది. గుండెల నిండా గాలి పీల్చి, మౌత్‌పీస్ నోట్లో బిగించి, వీలైనంత బలంగా ఊదాలి. ఇదీ కనీసం 1.5 సెకన్లు. ఇక్కడ బుగ్గలు ఉబ్బి గాలి కారిపోతుంది కాబట్టి రోగి తన రెండు అరచేతులతో బుగ్గల్ని అదిమి పట్టుకోవాలి. ఊదినప్పుడు తల తిరగడం, కళ్లు బైర్లు కమ్మడం, దగ్గు తెర రావడం ఉంటుంది. నిలబెట్టి అస్సలు చేయొద్దు, పక్కన మనిషి ఉండాలి. మూత్రం ఆపుకోలేని ఆడవాళ్లు సిగ్గుపడి బలం పెట్టరు. ముందే బాత్రూంకు వెళ్లి రమ్మనడం, గదిలో ఇతరులు లేకుండా చూడటం ఎంతో మేలు చేస్తుంది.

ఎంఈపీ ఉపయోగం ముఖ్యంగా దగ్గు విషయంలో. దగ్గి కఫం తీసుకునే బలం ఉందా లేదా అన్నది తెలుస్తుంది. ఎంఐపీ, ఎంఈపీ రెండూ సమానంగా పడిపోయాయంటే ఒంటి కండరాలన్నీ నీరసించాయని, లేదా పూర్తి బలం పెట్టలేదని అనుమానించాలి. ఎంఈపీ బాగుండి ఎంఐపీ మాత్రమే తక్కువైతే చూపు డయాఫ్రం వైపూ, ఉబ్బిన ఊపిరితిత్తుల వైపూ మళ్లించాలి.

ముక్కు పరీక్ష

నోటి పరీక్ష కుదరనివాళ్లకు ఎస్‌ఎన్‌ఐపీ. ఒక ముక్కు రంధ్రంలో గొట్టమున్న ప్లగ్గు బిగించి, రెండో రంధ్రం తెరిచి ఉంచి, మామూలు ఊపిరి వదిలిన చోట ఆగి, ఒక్కసారి చటుక్కున ముక్కు ఎగబీల్చమంటాం. నోరు మూసి ఉండాలి. అర సెకను లోపు అయిపోవాలి. పది ప్రయత్నాలు చేయించి పెద్దది తీసుకోవాలి. మగవాళ్లలో 70, ఆడవాళ్లలో 60 సెం.మీ. దాటితే చెప్పుకోదగ్గ బలహీనత లేనట్టే.

పిల్లలకూ, నరాల జబ్బులున్నవాళ్లకూ ఇది బాగా పనికొస్తుంది. సీఓపీడీలో మాత్రం జాగ్రత్త: గొట్టాలు ఇరుకుగా ఉండటంతో లోపలి ఒత్తిడి అంత తక్కువ సమయంలో ముక్కు దాకా చేరదు, అసలు కన్నా తక్కువ చూపిస్తుంది. జలుబు చేసినా, ముక్కులో కండ పెరిగినా అంతే. అందుకే సీఓపీడీ రోగికి ఎస్‌ఎన్‌ఐపీ ఒక్కటే చూసి బలహీనత అని తేల్చకండి. రెండు పరీక్షలూ చేసి, ఏది మెరుగ్గా వస్తే దాన్ని నమ్మాలి.

అంకెను అర్థం చేసుకోవడం

ఎంఐపీ 80 సెం.మీ. దాటితే లోపలికి లాగే కండరాల్లో పట్టించుకోవాల్సినంత బలహీనత లేదని దాదాపు ధైర్యంగా చెప్పొచ్చు. అంతకన్నా తక్కువైతే బలహీనత ఉన్నట్టేనా అంటే, కాదు. వయసునూ, ఆడా మగా అన్నదాన్నీ బట్టి మామూలు విలువలే చాలా మారతాయి.

బ్లాక్, హయాట్ 1969లో ఇచ్చిన సూత్రం ఇంకా చాలా మిషన్లలో ఉంది: మగవాళ్లకు 143 లోంచి వయసును 0.55తో గుణించి తీసెయ్యాలి, ఆడవాళ్లకు 104 లోంచి వయసును 0.51తో గుణించి తీసెయ్యాలి. ఇవాన్స్, వైట్‌లా 2009లో పలు అధ్యయనాలు కలిపి ఇచ్చిన సూత్రంలో మగవాళ్లకు 120 లోంచి వయసు × 0.41, ఆడవాళ్లకు 108 లోంచి వయసు × 0.61 తీసెయ్యాలి. మామూలు పరిధి కింది అంచును కూడా వాళ్లు ఇచ్చారు: మగవాళ్లకు 62 లోంచి వయసు × 0.15, ఆడవాళ్లకు 62 లోంచి వయసు × 0.50 తీసెయ్యగా వచ్చేది.

ఇందాకటి 66నే తీసుకోండి. ఆయన 65 ఏళ్ల మగమనిషి అయితే పాత సూత్రం ప్రకారం 107 ఉండాలి, అంటే 62 శాతమే. కొత్త సూత్రం ప్రకారం 93, అంటే 71 శాతం. కింది అంచు 52, కాబట్టి మామూలు పరిధిలోనే ఉన్నారు. అదే 65 ఏళ్ల ఆడమనిషి అయితే ఉండాల్సింది 68, పూర్తిగా మామూలే. ఒక్క 66కు ఇన్ని అర్థాలున్నాయి. శాతం ఒక్కటి చూసి బలహీనత అని రాసేస్తే ఆ ముద్ర ఏళ్ల తరబడి ఫైల్లో ఉండిపోతుంది. అందుకే ఏ సూత్రం వాడారో రిపోర్టులో తప్పకుండా రాయండి. పైగా ఈ సూత్రాలు మన జనాన్ని కొలిచి కట్టినవి కావు. మీ దగ్గరే ఊపిరితిత్తుల జబ్బు లేని పెద్దవాళ్లను కొందరిని ఇదే పరికరంతో కొలిచి పెట్టుకుంటే పోలికకు అండగా ఉంటుంది.

ఊపిరితిత్తుల జబ్బులో ఇంకో మెలిక ఉంది. ఎంఫిసీమాలో ఊపిరితిత్తులు ఉబ్బి డయాఫ్రం చదునుగా అయిపోతుంది. పొట్టిగా ముడుచుకున్న కండరం ఎంత ఆరోగ్యంగా ఉన్నా తక్కువ ఒత్తిడే ఇస్తుంది. డయాఫ్రంను కదిలించే ఫ్రెనిక్ నాడిని ప్రేరేపించి చేసిన ఒక అధ్యయనం 1991లోనే ఈ సంగతి చూపించింది: ఊపిరితిత్తుల్లో అంతే గాలి ఉన్నప్పుడు పోలిస్తే, నిలకడగా ఉన్న సీఓపీడీ రోగుల డయాఫ్రం ఆరోగ్యవంతులదానికి తీసిపోలేదు. దీనికి తోడు, మామూలు మనిషి గాలంతా వదిలినప్పుడు ఛాతీ గోడ బయటికి సాగే గుణం వల్లే 30 సెం.మీ. దాకా ఎంఐపీలో కలుస్తుంది. గాలి పూర్తిగా వదల్లేని సీఓపీడీ రోగికి ఆ సాయం తక్కువ. అందుకే ఎంఐపీ పక్కన ఆర్‌వీ (గాలంతా వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగిలే గాలి) విలువ ఉంటే తప్పక చూడండి. ఆర్‌వీ బాగా పెరిగి ఉంటే తక్కువ ఎంఐపీలో కొంత భాగం కండరానిది కాదు, ఉబ్బుది. అలాంటివాళ్లకు గొట్టాలు తెరిచే మందు సరిచేస్తే ఎంఐపీ దానంతటదే కొంత పెరగొచ్చు.

నిజంగానే కండరం నీరసించిందనిపిస్తే కారణం వెతకాలి: ఎక్కువ కాలం స్టెరాయిడ్, పోషకాహార లోపం, పొటాషియం, ఫాస్ఫేట్ తగ్గడం, థైరాయిడ్. పడుకోగానే ఆయాసం పెరుగుతుంటే కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి వీసీ (నిండా పీల్చి పూర్తిగా వదలగలిగే గాలి) తీయండి. 30 శాతం దాటి పడిపోతే డయాఫ్రం బలహీనత గట్టి అనుమానమే, నరాల డాక్టరుకు చూపించాలి.

రిపోర్టులో ఏం రాయాలి

ఎంఐపీ, ఎంఈపీ అత్యధిక విలువలు, ఎన్ని ప్రయత్నాలు, మూడు మంచివాటి మధ్య తేడా ఎంత, కూర్చునా పడుకునా, గాలంతా వదిలాకా లేక మామూలు ఊపిరి చివరా, ఏ మౌత్‌పీస్, ఇన్‌హేలర్ ఎన్ని గంటల ముందు, ఏ సూత్రం, రోగి సహకారం ఎలా ఉంది. ఎంఐపీకి మైనస్ గుర్తు పెట్టేవాళ్లున్నారు, పెట్టనివాళ్లున్నారు. మీ విభాగంలో ఒకటే పద్ధతి పెట్టుకోండి, లేదంటే మైనస్ 40 పక్కన మైనస్ 60 చూసి ఎవరో ఒకరు తగ్గిందనుకుంటారు.

కండరాలకు వ్యాయామం మొదలుపెట్టేటప్పుడు ఈ అంకెతోనే బరువు, అంటే లాగేటప్పుడు పరికరం పెట్టే అడ్డు ఒత్తిడి, నిర్ణయిస్తారు. మామూలుగా ఎంఐపీలో 30 శాతంతో మొదలుపెడతారు, 66కు అది 20 సెం.మీ. లోపలికి లాగే కండరాల వ్యాయామానికి వాడే త్రెషోల్డ్ ఐఎంటీ పరికరంలో 9 నుంచి 41 దాకా తిప్పుకోవచ్చు కాబట్టి 20 దగ్గర పెట్టి, తట్టుకున్నకొద్దీ వారం వారం పెంచుతారు. తప్పుగా 45 అని కొలిస్తే బరువు 13.5 అవుతుంది, కండరానికి పని తగలదు, రోగి నెలంతా చేసిన కష్టం వృథా. వ్యాయామం మధ్యలో మళ్లీ కొలిచినప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల పెరుగుదలను ఫలితం అనుకోవద్దు, రోజుకూ రోజుకూ అంత తేడా సహజం. అదే మీటరు, అదే మౌత్‌పీస్, రోజులో అదే వేళ, వీలైతే అదే టెక్నీషియన్ ఉండేలా చూసుకోండి.